పాల్ జార్జ్‌కి 21 కోట్ల డాలర్లు: లెక్క ఎక్కడ తప్పింది?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఫిలడెల్ఫియా టీమ్ 2024 వేసవిలో పాల్ జార్జ్ అనే ఆటగాడికి నాలుగేళ్లకు 21 కోట్ల డాలర్లు రాసిచ్చింది. అందులో మొదటి ఏడాది, 2024-25 సీజన్‌లో, అతని జీతం 4.92 కోట్ల డాలర్లు. ఆడినవి 41 మ్యాచ్‌లు. భాగిస్తే మ్యాచ్‌కి 12 లక్షల డాలర్లు, మన డబ్బుల్లో పది కోట్ల రూపాయల పైమాటే. అతని టీమ్ ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్ ఆ ఏడాది 82 మ్యాచ్‌లాడి 24 గెలిచింది. ఇంత చూశాక తీర్పు చెప్పడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు, బూడిదలో పోసిన పన్నీరు అనేసి పక్కకి జరగొచ్చు.

కానీ ఈ భాగహారం దగ్గరే చాలామంది దారి తప్పుతారు. యజమానుల జేబులోంచి ఎన్ని డాలర్లు పోయాయన్నది వాళ్ల బాధ. టీమ్ కట్టేవాడి బాధ వేరు. ఎన్‌బీఏలో కరువు డబ్బుకి కాదు, ఆ డబ్బు ఖర్చుపెట్టే వీలుకి. రేషన్ కార్డు లాంటిదనుకోండి. జేబులో లక్ష ఉన్నా కార్డు మీద రాసిన కిలోలే తూస్తారు. ఆ కిలోల్లో మూడోవంతుకు పైగా ఒక్కడికే రాసిచ్చేస్తే మిగతా పద్నాలుగు మందికీ ఏం వండిపెడతావు? మాక్స్ కాంట్రాక్ట్, అంటే రూల్స్ ఒక ఆటగాడికి ఇవ్వనిచ్చే గరిష్ఠ జీతం, దాని గురించి అడగాల్సింది ఇదీ. జార్జ్ ఏ టీమ్‌తోనైనా బేరమాడగల ఫ్రీ ఏజెంట్‌గా బయటికొచ్చిన 2024 వేసవి కంటే దీనికి మంచి ఉదాహరణ ఈమధ్య లేదు. అందులో మాక్స్ ఇచ్చిన టీమ్ ఉంది, ఇవ్వనన్న టీమ్ ఉంది, ఇద్దరి సంగతీ ఏడాది తిరక్కుండానే తేలింది.

సర్వీసుని బట్టి జీతం

ఆ కార్డు పేరు శాలరీ క్యాప్. లీగ్ ఆదాయంలోంచి లెక్కగట్టి ఏటా ప్రకటిస్తారు. 2024-25లో ఒక్కో టీమ్‌కి 14.06 కోట్ల డాలర్లు. ఇందులో ఒక్క ఆటగాడికి గరిష్ఠంగా ఎంతివ్వొచ్చో అతను లీగ్‌లో ఎన్నేళ్లున్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆరేళ్ల సర్వీసు వరకు 25 శాతం, ఏడు నుంచి తొమ్మిదేళ్లకు 30, పదేళ్లు నిండితే 35. పెద్ద అవార్డులు కొట్టినవాళ్లు పై మెట్టు ముందే ఎక్కే దారులు కొన్ని ఉన్నాయి, వాటి జోలికి ఇప్పుడొద్దు. జార్జ్ 2010లో లీగ్‌లోకొచ్చాడు కాబట్టి 35 శాతం. 14.06లో 35 శాతం అంటే 4.92. పైన చెప్పిన జీతం అలా వచ్చిందే. అతని ఆటని ఎవరో తూకం వేసి కట్టిన ధర కాదది. సర్కారు కొలువులో పే స్కేల్ లాగా సీనియారిటీతో వచ్చిన అంకె.

ఈ పైకప్పు మొదట్నుంచీ లేదు. 1997-98లో మైఖేల్ జోర్డన్ జీతం 3.31 కోట్ల డాలర్లు. ఆ ఏడాది మొత్తం టీమ్‌కి క్యాప్ 2.69 కోట్లు. అంటే ఒక్క మనిషి జీతం టీమ్ మొత్తం హద్దుని దాటేసింది. 1997లోనే మిన్నెసోటా 21 ఏళ్ల కెవిన్ గార్నెట్‌తో ఆరేళ్లకు 12.6 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకుంది. అంతకు కొన్నేళ్ల ముందు ఆ యజమాని టీమ్ మొత్తాన్ని కొన్నది దాదాపు 8.8 కోట్లకి! దాంతో యజమానులు బెంబేలెత్తారు. మరుసటి ఏడాది లాకౌట్ పెట్టారు, అంటే ఆటే ఆపేశారు. 1999లో ఆట మళ్లీ మొదలయ్యేసరికి 82 మ్యాచ్‌ల సీజన్ 50కి కుదించుకుపోయింది, కొత్త ఒప్పందంలో ఒక్కో ఆటగాడికీ పైకప్పు వచ్చి కూర్చుంది.

మనకి తెలిసిన ఐపీఎల్ వేలంతో పోలిస్తే తేడా చప్పున తెలుస్తుంది. అక్కడ టీమ్ పర్సుకి హద్దుంది గానీ ఒక ఆటగాడి మీద పాడే పాటకి లేదు. 2023 డిసెంబర్ వేలంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ ప్యాట్ కమిన్స్‌ని 20.5 కోట్ల రూపాయలకి కొంటే నోళ్లు వెళ్లబెట్టాం. అదే పూట మిచెల్ స్టార్క్‌ని కోల్‌కతా 24.75 కోట్లకి ఎగరేసుకుపోయింది. ఇద్దరు పట్టుబడితే అంకె పెరుగుతూనే పోతుంది, ఒకరు చెయ్యి దించినచోట ఆగుతుంది. ఎన్‌బీఏలో పైకప్పు తగలగానే పాట ఆగిపోతుంది. ముప్ఫై టీమ్‌లు కావాలన్నా అదే ధర, రెండే టీమ్‌లు కావాలన్నా అదే ధర.

అందుకే మాక్స్ జీతాల జాబితాలో విచిత్రాలు కనిపిస్తాయి. 2024-25లో డెన్వర్ టీమ్‌లో సెంటర్‌గా (బుట్ట దగ్గరుండే పొడుగాటి ఆటగాడు) ఆడే నికోలా యోకిచ్ జీతం 5.14 కోట్ల డాలర్లు. ఆ సీజన్‌లో అతని సగటు 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు, 10.2 అసిస్టులు. జార్జ్ సగటు 16.2 పాయింట్లు. ఇద్దరి జీతాలకీ మధ్య తేడా 22 లక్షల డాలర్లు. వేలం పెడితే యోకిచ్ ఏ అంకె దగ్గర ఆగేవాడో ఊహించుకోండి. నా లెక్కలో సగం క్యాప్ రాసిచ్చినా నష్టం లేని మనిషి అతను. అతనికి 35 శాతమే ఇచ్చి సరిపెట్టుకోవడం డెన్వర్‌కి ఏటా దొరుకుతున్న బంపర్ డిస్కౌంట్.

మాక్స్ అనే మాట ఒకటే అయినా దాని కింద రెండు రకాల మనుషులుంటారు. పైకప్పు లేకపోతే ఇంకా పైకి పోయేవాళ్లు మొదటి రకం, ఏ ఏడాది చూసినా లీగ్ మొత్తమ్మీద ఆరేడుగురికి మించరు. వాళ్లకి మాక్స్ ఇవ్వడం దొంగసొత్తు కొన్నంత చవక. రెండో రకం వాళ్లకి పైకప్పు సరిగ్గా నెత్తికి తగులుతుంది, లేదా మునివేళ్ల మీద నిలబడితే తగులుతుంది. వీళ్లకిచ్చేది పూర్తి ధర. పూర్తి ధరకి కొన్న సరుకులో చిన్న లోపమున్నా అది మొత్తం మన ఖాతాలోకే వస్తుంది.

2016లో కెవిన్ డ్యురాంట్ గోల్డెన్ స్టేట్‌కి పోయినప్పుడు పుచ్చుకున్నది కూడా మాక్సే. టీవీ హక్కులకి తొమ్మిదేళ్లకు 2,400 కోట్ల డాలర్లొచ్చేసరికి క్యాప్ ఒక్కసారిగా 7 కోట్ల నుంచి 9.41 కోట్లకు ఎగిరింది. మెల్లగా పెంచుదామని లీగ్ అంటే ఆటగాళ్ల సంఘం ససేమిరా అంది. పైగా చీలమండ గాయాలతో సతమతమైన రోజుల్లో గోల్డెన్ స్టేట్ స్టార్ స్టెఫ్ కరీ రాసుకున్న పాత ఒప్పందం ఇంకా నడుస్తోంది, ఆ ఏడాది అతని జీతం 1.21 కోట్లే. డ్యురాంట్‌కి మాక్స్ ఇచ్చి వరసగా రెండు టైటిళ్లు కొట్టారు. అదే వేసవిలో మెంఫిస్ కూడా మాక్స్ ఇచ్చింది, చాండ్లర్ పార్సన్స్‌కి, నాలుగేళ్లకు 9.4 కోట్లు. అతని మోకాళ్లు మొదటి ఏడాదే మొరాయించాయి. ఆ ఏడాది 34 మ్యాచ్‌లకు మించి ఆడలేదు. ఒకే వేసవి, ఒకే మాట, రెండు కథలు.

నాలుగో ఏడాది ఎవరిది?

ఇప్పుడు జార్జ్ దగ్గరికొద్దాం. 2024 జూన్ నాటికి అతను లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్ ఆటగాడు. అప్పటికి 34 నిండాయి. లీగ్ మేటి ఆటగాళ్లు ఆడే ఆల్‌స్టార్ మ్యాచ్‌కి తొమ్మిదిసార్లు ఎంపికయ్యాడు. ముగిసిన సీజన్‌లో 74 మ్యాచ్‌లాడి సగటున 22.6 పాయింట్లు కొట్టాడు. దూరం నుంచి కొట్టే త్రీపాయింటర్లు 41 శాతం పైన పడ్డాయి. మరో ఏడాదికి 4.88 కోట్లు తీసుకుని ఉండిపోయే ఆప్షన్ ఉంది. అది వదులుకుని మార్కెట్‌లోకొచ్చాడు.

సొంత టీమ్‌కి ఇక్కడ ఒక వెసులుబాటుంది. తమ ఆటగాణ్ని నిలుపుకోవడానికి క్యాప్ దాటిపోవచ్చు. తమ స్టార్ లారీ బర్డ్ కాలంలో బోస్టన్ ఈ దారి వాడుకుంది కాబట్టి బర్డ్ రైట్స్ అన్న పేరు స్థిరపడింది. బయటి టీమ్ నాలుగేళ్లకు మించి ఇవ్వలేదు, ఏడాదికి 5 శాతమే పెంచగలదు. సొంత టీమ్ ఐదేళ్లు, 8 శాతం దాకా పోవచ్చు. కాబట్టి జార్జ్‌ని ఉంచుకోవాలనుకుంటే క్లిప్పర్స్‌ని ఆపేదేమీ లేదు. యజమాని స్టీవ్ బాల్మర్‌కి డబ్బు లోటా అంటే, అమెరికా కుబేరుల జాబితాలో ముందు వరసలో ఉండే మనిషి.

అయినా వాళ్లు మూడేళ్ల దగ్గరే ఆగారు. అదే ఏడాది జనవరిలో తమ ఇంకో స్టార్ కవాయ్ లెనార్డ్ సంతకం చేసిన మేరకే, సుమారు 15 కోట్ల డాలర్లు. జార్జ్‌కి కావాల్సింది నాలుగేళ్లు. బేరమంతా ఆ నాలుగో ఏడాది దగ్గరే తెగింది. అతను వెళ్లిపోయాక క్లిప్పర్స్ ఒక ప్రకటన విడుదల చేసి, తేడా చాలా పెద్దదనీ, లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన కొత్త ఉమ్మడి ఒప్పందం పెట్టిన ఆంక్షల మధ్య అది తమకి గిట్టుబాటు కాదనీ చెప్పేసింది. ఎన్‌బీఏలో టీమ్‌లు ఇంత సూటిగా మాట్లాడటం అరుదు.

వాళ్లకిది ఎంత చేదో తెలియాలంటే 2019కి పోవాలి. జార్జ్‌ని తెస్తేనే వస్తానని లెనార్డ్ అన్నాడు. జార్జ్ కోసం, అప్పటి అతని టీమ్ ఓక్లహోమా సిటీకి క్లిప్పర్స్ ఇచ్చినవి: షే గిల్జస్-అలెగ్జాండర్ అనే ఒక్క సీజనే ఆడిన కుర్రాడు, డానిలో గలినారి, ఐదు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌లు (ఏటా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతులు), మరో రెండు పిక్‌ల మార్పిడి హక్కులు. ఆ పిక్‌లలో ఒకటి జేలెన్ విలియమ్స్ అయింది. 2025లో ఓక్లహోమా టైటిల్ గెలిచింది, గిల్జస్-అలెగ్జాండర్ సీజన్ మేటి ఆటగాడికిచ్చే ఎంవీపీ, ఫైనల్స్ ఎంవీపీ రెండూ పట్టాడు. ఇంత పోసి తెచ్చుకున్న మనిషి ఉత్తపుణ్యానికి గడప దాటిపోతుంటే చూస్తూ ఊరుకోవడానికి గుండె కావాలి. పోయిందెలాగూ పోయింది, దాని కోసం ఇంకోటి పోగొట్టుకోవద్దని మనం ఇళ్లల్లో చెప్పుకుంటాం గానీ పాటించేవాళ్లు తక్కువ.

క్లిప్పర్స్ పాటించారు. ఆ ఏడాది ఏం జరిగిందంటే, జార్జ్ ఉన్నప్పుడు 51 గెలిచిన టీమ్ జార్జ్ లేకుండా 50 గెలిచింది. అదీ లెనార్డ్ 37 మ్యాచ్‌లే ఆడిన సీజన్‌లో. జార్జ్ ఖాళీ చేసిన షాట్లు నార్మన్ పవెల్ చేతికొచ్చాయి, సగటు 21.8 పాయింట్లకి చేరింది. పవెల్ జీతం 1.92 కోట్లు. డెరిక్ జోన్స్ జూనియర్, క్రిస్ డన్ లాంటి డిఫెన్స్ మనుషుల్ని తక్కువ జీతాలకి తెచ్చి చుట్టూ సర్దారు. ప్లేఆఫ్స్‌లో మొదటి రౌండ్ ఏడో మ్యాచ్‌లో డెన్వర్ చేతిలో పోయారనుకోండి, అది వేరే సంగతి.

ఫిలడెల్ఫియా గది

అటువైపు ఫిలడెల్ఫియా కథ ఇంకా రంజుగా ఉంటుంది. 2019లో వాళ్లు జిమ్మీ బట్లర్‌ని మయామికి పోనిచ్చి టోబయాస్ హ్యారిస్‌కి ఐదేళ్లకు 18 కోట్ల డాలర్లు రాసిచ్చారు. బట్లర్ మయామిని రెండుసార్లు ఫైనల్స్‌కి తీసుకెళ్లాడు. హ్యారిస్ ఒక్కసారీ ఆల్‌స్టార్ కాలేదు. పాపం మంచి ఆటగాడే, జీతం తప్పు. రోజూ పని చేసి పోయే మనిషి మీద రాజ్యభారం పెడితే అతనేం చేస్తాడు. ఆ ఐదేళ్ల గుదిబండ 2024 వేసవిలో తొలగింది.

రెండో ఎత్తు ఆ టీమ్ కుర్ర స్టార్ టైరీస్ మాక్సీ. పేరులోనే మాక్స్ ఉన్నవాడికి మాక్స్ ఇవ్వడం ఒక ఏడాది వాయిదా వేశారు. 2023లోనే ఎక్స్‌టెన్షన్ ఇచ్చేసి ఉంటే మరుసటి వేసవికి అతని పేరు మీద 3.51 కోట్లు క్యాప్‌లో కూర్చునేవి. వాయిదా వేసేసరికి సంతకం అయ్యేదాకా లెక్కలో పడింది 1.3 కోట్లే. క్యాప్ హోల్డ్ అంటారు దీన్ని. పెళ్లిలో కుర్చీ మీద తువ్వాలు వేసి పట్టుకున్నట్టు. ముందు క్యాప్‌లో మిగిలిన ఆ ఖాళీ గదిలో జార్జ్‌ని కూర్చోబెట్టారు, తర్వాత బర్డ్ రైట్స్‌తో క్యాప్ దాటి మాక్సీకి ఐదేళ్లకు 20.4 కోట్లు ఇచ్చారు. వరస తారుమారైతే ఏదీ కుదరదు. ఒక ఏడాది ఓపిక పడితే 2.2 కోట్ల డాలర్ల గది పుట్టింది. ఈ ముక్క మాత్రం మెచ్చుకోవాల్సిందే.

పెన్సిల్వేనియాలో ఎక్స్‌టన్ దగ్గరుండే మా బావ ఇరవై ఏళ్లుగా ఈ టీమ్ భక్తుడు. జార్జ్ వచ్చిన రోజు ఫోన్‌లో పండగ చేసుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్లవాడికి నాలుగేళ్లేంటి బావా అంటే, "ఒరేయ్, గది ఇప్పుడుంది. వాడుకోకపోతే వచ్చే ఏడాదికి దాచుకుంటామా? ఎంబీడ్ మోకాలు ఎన్నాళ్లుంటుందో నీకు తెలుసా నాకు తెలుసా?" అన్నాడు.

ఆవేశంలో అన్నా ఆ మాటలో పస ఉంది. క్యాప్ గది మంచుగడ్డ లాంటిది, చేతిలో పట్టుకుని కూర్చుంటే కరిగిపోతుంది. మాక్సీ సంతకం చేసిన మరుక్షణం ఫిలడెల్ఫియా క్యాప్ దాటిపోతుంది, మళ్లీ అంత గది ఏళ్ల తరబడి రాదు. ఆ టీమ్ పెద్ద స్టార్ జోయెల్ ఎంబీడ్‌కి అప్పటికి ముప్ఫై. అతనున్నన్నాళ్లే ఆ టీమ్‌కి ఆశ. కాబట్టి జార్జ్ 4.92 కోట్లకి తగినవాడా అన్నది వాళ్ల ముందున్న ప్రశ్న కాదు. ఆ వేసవిలో ఆ గదిలో ఇంకెవర్ని కూర్చోబెట్టగలం?

ఆ సరుకు జాబితా చూస్తే మార్కెట్ పలచగానే ఉంది. పాస్కల్ సియాకమ్ ఇండియానాలోనే ఉండిపోయాడు, ఓజీ అనునోబీ న్యూయార్క్‌లోనే. దొరికేవాళ్లలో ఐజయా హార్టెన్‌స్టైన్ మూడేళ్లకు 8.7 కోట్లు తీసుకుని ఓక్లహోమా పోయి ఏడాది తిరిగేసరికి టైటిల్ గెలిచాడు. కానీ అతను సెంటర్, ఎంబీడ్ ఉన్న టీమ్‌లో ఏం చేసుకుంటారు? కెంటావియస్ కాల్డ్‌వెల్-పోప్‌ని ఓర్లాండో మూడేళ్లకు 6.6 కోట్లకి తీసుకుంది. అందరూ తెలివైన కొనుగోలు అన్నారు, ఏడాదికే వేరే ట్రేడ్‌లో (టీమ్‌ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) కలిపి పంపేశారు. డీమార్ డిరోజన్, క్లే థాంప్సన్ ఇద్దరూ జార్జ్ కంటే పెద్దవాళ్లు. అంటే మాక్స్‌ని ముక్కలు చేసి ఇద్దరు ముగ్గురిని తేవడం చెప్పినంత తేలిక కాదు. ఐదుగురే ఆడే ఆట ఇది. ఒక మంచి ఆటగాడి స్థానంలో ఇద్దరు ఓ మోస్తరువాళ్లని నిలబెట్టడం కుదరదు.

మరి తప్పెక్కడ? నాకు కనిపించేది ఒక్కచోటే. ఫిలడెల్ఫియా 74 మ్యాచ్‌ల జార్జ్‌కి ధర కట్టింది.

క్లిప్పర్స్‌తో అతని ఐదు సీజన్లు వరసగా పెట్టి చూడండి: 48, 54, 31, 56, 74. ఆ ఐదేళ్లలో క్లిప్పర్స్ ఆడిన 390 మ్యాచ్‌లలో జార్జ్ దిగినవి 263, అంటే మూడింట రెండు వంతులు. 82 మ్యాచ్‌ల సీజన్‌కి లెక్కేస్తే 55. ఇది 29 నుంచి 33 ఏళ్ల వయసులో. అతని కుడికాలు 2014లో లాస్ వేగాస్‌లో అమెరికా జట్టు ప్రాక్టీస్ మ్యాచ్‌లో విరిగింది, ఆ భయంకరమైన గాయం నుంచి తిరిగొచ్చి 2019లో ఎంవీపీ ఓటింగ్‌లో మూడో స్థానం దాకా వెళ్లాడు. మనిషి పట్టుదలకి దండం పెట్టాలి. కానీ 34 దాటాక 55 కంటే ఎక్కువ వస్తాయనుకోవడానికి ఆధారమేంటి? బేరానికి ముందు ఏడాది పశువు నిగనిగలాడటం సంతలో ఎవరికి తెలియదు!

అక్టోబర్‌లో ప్రీసీజన్ మ్యాచ్‌లో మోకాలు వెనక్కి విరుచుకుంది. నవంబర్‌లో అదే మోకాలు మళ్లీ. మొత్తం 41. ఊహించదగ్గ 55 నుంచి చూస్తే ఇది కాస్త దురదృష్టం, 74 నుంచి చూస్తే పిడుగుపాటు. ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నదే తేడా. ఎంబీడ్ 19 మ్యాచ్‌లతో ఆగిపోయాడు, మాక్సీ 52. ముగ్గురూ కలిసి కోర్టులో ఉన్నది వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని సార్లు. ఇందులో ఎంబీడ్ సంగతి జార్జ్ మీద రుద్దలేం గానీ, మోకాలి మీద అనుమానమున్న స్టార్ పక్కకి మోకాలి మీద అనుమానమున్న ఇంకో స్టార్‌ని తేవడమంటే ఒకే కొమ్మకి రెండు ఉయ్యాలలు కట్టడం.

శాతం తగ్గుతుంది, నిజమే గానీ

మాక్స్‌ని సమర్థించేవాళ్ల చేతిలో ఒక మంచి ముక్క ఉంది. జీతం పెరిగే వేగం కంటే క్యాప్ పెరిగే వేగం ఎక్కువ. 2024 జులైలో లీగ్ డిస్నీ, ఎన్‌బీసీ, అమెజాన్‌లతో పదకొండేళ్లకు 7,600 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం ప్రకటించింది. 2016 పాఠం గుర్తుంది కాబట్టి ఈసారి క్యాప్ ఏడాదికి 10 శాతం మించి పెరగకూడదని ముందే రాసుకున్నారు. 2025-26లో ఆ పదీ పెరిగి 15.46 కోట్లకి చేరింది. జార్జ్ జీతం 5 శాతమే పెరిగి 5.17 అయింది. 35 శాతం మనిషి 33.4 శాతం మనిషయ్యాడు. క్యాప్ ఆ తర్వాత 7 శాతం చొప్పున పెరుగుతుందనుకున్నా మూడో ఏడాదికి 32.7 దగ్గరుంటాడు.

ఈ తగ్గుదల పాతికేళ్లవాడి విషయంలో బంగారం. ఆట పెరుగుతూ వాటా తగ్గుతుంది. ముప్ఫై నాలుగేళ్లవాడికి రెండూ తగ్గుతాయి, ఆట ముందు తగ్గుతుంది. జార్జ్ పాయింట్ల సగటు ఒక్క ఏడాదిలో నాలుగో వంతుకు పైగా పడిపోయింది, వాటా తగ్గింది ఒకటిన్నర శాతం. 2025 జులైలో ఎడమ మోకాలికి ఆర్థ్రోస్కోపిక్ ఆపరేషన్ కూడా అయింది.

ఈ వయసులో మాక్స్ ఇచ్చే ప్రతి టీమ్ లోపల్లోపల అనుకునేది ఒకటే: రెండేళ్లు మనవి, రెండేళ్లు అప్పు. మొదటి రెండేళ్ల ఆట కోసం నాలుగేళ్ల డబ్బిస్తున్నాం అని. అదేం తప్పు కాదు. ఆ రెండేళ్లలో టైటిల్ వస్తే చివరి రెండేళ్ల జీతం ఎవరూ అడగరు. తప్పు ఎక్కడంటే, ఆ అప్పు భారం ఎంతో కొత్త రూల్స్ మార్చేశాయని గమనించకపోవడంలో.

2023లో వచ్చిన ఉమ్మడి ఒప్పందం, జీతాలు మరీ పెరిగితే కట్టాల్సిన లగ్జరీ టాక్స్ హద్దు పైన సెకండ్ ఏప్రన్ అనే ఇంకో గీత గీసింది. 2024-25లో అది 18.89 కోట్లు. పాత రోజుల్లో గీత దాటితే జరిమానా కట్టేవాళ్లు, బాల్మర్ లాంటివాళ్లకి అది పార్కింగ్ చలానాతో సమానం. ఇప్పుడు ఆ గీత దాటితే చేతులు కట్టేస్తారు. ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాణ్ని ట్రేడ్‌లో తెచ్చుకోలేరు. బయటి ఆటగాళ్లకి మినిమమ్ జీతానికి మించి ఇవ్వలేరు. ట్రేడ్‌లో నగదు పంపలేరు. ఏడేళ్ల తర్వాతి మొదటి రౌండ్ పిక్ గడ్డకట్టుకుపోతుంది, కదపడానికి లేదు. క్లిప్పర్స్ మూడేళ్ల దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే. డబ్బున్నవాడిని కూడా పేదవాణ్ని చేసే రూల్ ఇది.

పైగా ఎన్‌బీఏ ఒప్పందాలు దాదాపు అన్నీ పూర్తి గ్యారంటీవే. ఆడినా ఆడకపోయినా డబ్బు వస్తుంది. వదిలించుకోవాలంటే ఏం జరుగుతుందో బ్రాడ్లీ బీల్ కథ చెబుతుంది. 2022లో వాషింగ్టన్ అతనికి ఐదేళ్లకు 25.1 కోట్లు ఇచ్చింది, పైగా తన ఇష్టం లేకుండా ట్రేడ్ చేయకూడదన్న షరతు కూడా రాసిచ్చింది. ఏడాదికి ఫీనిక్స్‌కి పంపారు. రెండు సీజన్లయ్యాక ఫీనిక్స్ అతన్ని సాగనంపడానికి మిగిలిన జీతాన్ని ఐదేళ్ల మీద పరుచుకుంది. 2029-30 దాకా ఏటా సుమారు 1.94 కోట్లు, తమ టీమ్‌లో లేని మనిషి పేరు మీద వాళ్ల క్యాప్‌లో కూర్చుంటాయి. ఇల్లు అమ్మేశాక కూడా అద్దె కట్టడమన్నమాట. బీల్ అక్కణ్నుంచి పోయింది ఎక్కడికనుకున్నారు, క్లిప్పర్స్‌కే. ఈసారి చవగ్గా.

మాక్స్ విలువ ఆ మనిషిలో కంటే అతని పక్కనున్న చవక జీతాల్లో ఎక్కువుంటుందని టైటిల్ గెలిచిన టీమ్ పట్టీ చూస్తే తెలిసిపోతుంది. 2024-25 ఓక్లహోమాలో గిల్జస్-అలెగ్జాండర్ జీతం 3.59 కోట్లు. పక్కన చెట్ హోమ్‌గ్రెన్ 1.09 కోట్లు, జేలెన్ విలియమ్స్ 48 లక్షలు. ఇద్దరూ ఇంకా తొలి ఒప్పందాల్లోనే ఉన్నారు. ఆ ముగ్గురూ కలిసి జార్జ్ ఒక్కడి కంటే కొంచెమే ఎక్కువ. అదే బోస్టన్, 2024లో టైటిల్ గెలిచాక స్టార్లిద్దరికీ గరిష్ఠ ఒప్పందాలుండటంతో ఏడాదికే డ్రూ హాలిడేని, క్రిస్టాప్స్ పోర్జింగిస్‌ని పంపేసుకోవాల్సొచ్చింది. వాళ్లు చెడ్డగా ఆడి కాదు, గీత కిందికి దిగడానికి.

కాబట్టి బావ అడిగినట్టు అడిగితే నా సమాధానం ఇదీ. జార్జ్‌కి మూడేళ్ల మాక్స్ అయితే ఫిలడెల్ఫియా స్థానంలో నేనూ ఇచ్చేవాణ్ని, 55 మ్యాచ్‌లే ఆడతాడని ముందే రాసుకుని, ఆ మిగతా 27 రోజులకి మనిషిని సిద్ధం చేసుకుని. నాలుగో ఏడాది దగ్గర క్లిప్పర్స్ లాగే చెయ్యి దించేవాణ్ని. అప్పుడతను రాడుగా అంటే, రాడు. అది కూడా ఒక ఫలితమే.

ఫిలడెల్ఫియాకి ఆ పాడు సీజన్‌లోంచే ఒక విచిత్రం పుట్టింది. వాళ్ల 2025 మొదటి రౌండ్ పిక్ ఏనాడో ఓక్లహోమాకి రాసిచ్చేశారు, మొదటి ఆరింటిలో పడితేనే తమది. 24 విజయాలతో, వెనకబడ్డ టీమ్‌లకి పిక్‌ల వరస తేల్చే లాటరీలోకి వెళ్లారు. పోగొట్టుకునే అవకాశం దాదాపు 36 శాతం. మూడో నంబర్ వచ్చింది. వీజే ఎడ్జ్‌కోంబ్‌ని తీసుకున్నారు. అతని మొదటి ఏడాది జీతం సుమారు 1.1 కోట్లు. మాక్స్ పక్కన ఉండాల్సిన చవక జీతం, మాక్స్ మనిషి ఆడకపోవడం వల్లే చేతికొచ్చింది.

మా బావ ఇప్పుడు జార్జ్ గురించి మాట్లాడడు, ఎడ్జ్‌కోంబ్ గురించి మాట్లాడతాడు. మొన్న మాటల మధ్యలో, "వాడి చివరి ఏడాది మనం వద్దనొచ్చు కదరా?" అన్నాడు. 2027-28 జీతం 5.66 కోట్లు, ప్లేయర్ ఆప్షన్. వద్దనే హక్కు జార్జ్‌ది బావా, టీమ్‌ది కాదు అన్నాను. అవతల కాసేపు టీవీ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.